ఉత్తర కార్తె గుడ్డు, స్వాతి కార్తె తేనె

నవంబరు వచ్చేసరికి అరకు లోయలో నూనెగింజల పంట వలిసె చేలు విరగబూస్తాయి. విశాఖపట్నం నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు ఆ పసుపు మధ్య నిలబడి ఫొటోలు దిగుతుంటారు. అదే చేను గట్టు మీద పక్కపక్కనే రెండు తేనెపెట్టెలు ఉంటాయి. ఒకదాని పై అర పది రోజుల్లో నిండుతుంది. రెండోది పూత అయిపోయేదాకా తేలిగ్గానే ఉండిపోతుంది. పువ్వు ఒకటే, ఎండ ఒకటే, ఈగ జాతీ ఒకటే. తేడా వచ్చింది చేలో కాదు. సెప్టెంబరులో, ముసురు పట్టిన రోజుల్లో, పెట్టెలోపలి చీకటి గదుల్లో వచ్చింది.

మన పుట్ట తేనెటీగలో కూలి ఈగ గుడ్డు దశ నుంచి రెక్కలతో బయటికి రావడానికి దాదాపు 19 రోజులు పడుతుంది. వచ్చిన రోజే అది పువ్వు మీద వాలదు. మరో మూడు వారాలు పెట్టెలోనే ఊడిగం చేశాక గానీ మకరందం కోసం గడప దాటదు. అంటే గుడ్డు పడిన నాటికీ, ఆ ఈగ మొదటి చుక్క తెచ్చే నాటికీ మధ్య సుమారు 40 రోజులు. బయట తిరిగే బతుకు మహా అయితే రెండు మూడు వారాలు. అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మూడో వారం దాకా నడిచే స్వాతి, విశాఖ కార్తెల్లో వలిసె మీద పనిచేసే దండు అంతా ఉత్తర, హస్త కార్తెల్లో పడిన గుడ్లే. పూత చూసి పెట్టెలు తెరిచేవాళ్లు అప్పటికే నెలన్నర ఆలస్యమైనట్టు.

ఈ లెక్క పట్టుబడాలంటే గదిలో రోజురోజుకూ ఏం జరుగుతుందో తెలియాలి.

గది లోపల

గుడ్డు ఒకటిన్నర మిల్లీమీటరు పొడవుంటుంది, తెల్లదారం ముక్కలా. ఎండ వీపు మీద పడేలా నిలబడి, ఫ్రేమును, అంటే తుట్టె కట్టిన చట్రాన్ని, కొంచెం వాల్చి పట్టుకుంటే గది అడుగున కనిపిస్తుంది. మొదటి రోజు నిటారుగా నిలబడి ఉంటుంది, రెండో రోజు ఓ పక్కకు ఒరుగుతుంది, మూడో రోజు అడుగున పడుకుంటుంది. రాణి ఈగను వెతికి పట్టుకోవడం కష్టం. నిలబడి ఉన్న గుడ్డు కనిపిస్తే చాలు, నిన్నటికి ఆమె ఉన్నట్టే.

కోడిగుడ్డులా ఇది పగలదు. పైపొర కరిగిపోయి లోపలి పురుగు బయటపడుతుంది. ఆ వేళకే దాది ఈగలు గదిలో పాలు పోస్తాయి. ఈ పాలు వాటి తలలోని గ్రంథుల్లో ఊరతాయి. సుమారు 5 నుంచి 15 రోజుల వయసున్న ఈగలకే ఆ గ్రంథులు బలంగా ఉంటాయి. వాటికి పుప్పొడి తిండి అందకపోతే పాలు ఊరవు. బాగా మేపుతున్న పెట్టెలో చిన్న పురుగు అర్ధచంద్రాకారంలో తెల్లటి పాలమడుగులో తేలుతూ కనిపిస్తుంది. అడుగు పొడిగా ఉండి పురుగు గదికి అంటుకుపోయినట్టు ఉంటే, పుప్పొడి కరవు మొదలైందన్నమాట. పెట్టె మొత్తంలో దీనికంటే ముందుగా తెలిపే గుర్తు మరొకటి లేదు. తేనె నిల్వలు చూసి ధీమాగా ఉండేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

మొదటి మూడు రోజులు కూలి ఈగ పురుగుకు కూడా ఈ పాలే ఆహారం. తర్వాత తేనె, పులియబెట్టిన పుప్పొడి కలిపిన ముతక తిండికి మారుస్తాయి. రాణి కావలసిన పురుగుకు మాత్రం చివరిదాకా పాలు తగ్గనివ్వవు. రెండూ ఒకే రకం గుడ్డు నుంచి వచ్చిన ఆడవే. తిండి తేడాతోనే ఒకటి కొన్నేళ్లు గుడ్లు పెట్టే రాణి అవుతుంది, మరొకటి ఆరు వారాల్లో రెక్కలరిగి రాలిపోయే కూలి ఈగ అవుతుంది. తిండి ఒంట్లోని జన్యువుల పనితీరునే మార్చేస్తుందని 2008లో ఒక ప్రయోగం తేల్చింది. డీఎన్‌ఏకు గుర్తులు అంటించే ఒక ఎంజైమును పురుగులో అణచివేస్తే, మామూలుగా కూలి ఈగలు కావలసినవాటిలో చాలా భాగం రాణి లక్షణాలతో ఎదిగాయి.

ఐదు రోజుల్లో పురుగు బరువు దాదాపు వెయ్యి రెట్లవుతుంది, నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఇన్ని రోజుల తిండిలోనూ ఒక్కసారి కూడా మలం విసర్జించదు. కడుపుకూ మలమార్గానికీ దారి కలిసి ఉండదు. ఆ ఏర్పాటే లేకపోతే తన పాలమడుగును తానే పాడుచేసుకునేది. గదికి మైనపు మూత పడ్డాకే ఆ దారి తెరుచుకుంటుంది. పురుగు నిడుపుగా సాగి, తల మూతవైపు పెట్టి, చుట్టూ పట్టుదారంతో గూడు అల్లుకుంటుంది. మలమంతా గది అడుగున ఆ గూడు పొరల్లోనే చిక్కుకుంటుంది. తుట్టె మొదట వెన్నలా తెల్లగా ఉండి, ఏడాది తిరిగేసరికి నల్లబడేది ఇందుకే. ఒక్కో తరం ఒక్కో పొర వదిలి వెళుతుంది, గది ఇరుకవుతూ పోతుంది.

మూత వెనక 11 రోజులు. మొదట పాలరంగు ప్యూపా, అంటే పురుగు ఈగగా మారే దశ. తర్వాత కళ్లు గులాబీ, ఊదా, గోధుమ రంగుల్లోకి మారతాయి. ఆపైన ఒళ్లు ముదురుతుంది. చివరికి ఈగ తన మూతను తానే కొరుక్కుని వస్తుంది. పిల్లల గది మూత లేత గోధుమ రంగులో, కొంచెం ఉబ్బుగా, గాలాడేలా ఉంటుంది. తేనె గది మూత తెల్లగా, గాలి చొరకుండా బిగుతుగా ఉంటుంది. కొత్తగా పెంచేవాళ్లు ఈ రెంటికీ తేడా తెలియక పిల్లలున్న తుట్టెను తేనె తీసే డ్రమ్ములో వేసి తిప్పేస్తుంటారు.

పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగకు ఇదంతా 21 రోజులు: గుడ్డు 3, పురుగు 6, మూత కింద 12.

ఫ్రేము చదవడం

రాణి రోజూ ఒకే తీరుగా గుడ్లు పెడుతుంటే, పుట్ట తేనెటీగ పెట్టెలో గుడ్లు 3 పాళ్లు, పురుగులు 5 పాళ్లు, మూసిన గదులు 11 పాళ్లు ఉండాలి. ఈ పాళ్లు చెదిరాయంటే లోపల ఏదో మారిందని అర్థం. మూసిన గదులు దండిగా ఉండి గుడ్లు నాలుగు చోట్ల చెదురుగా కనిపిస్తే, రాణి గత వారం రోజులుగా చేయి బిగించింది. ఇవాళ పెట్టె నిండా ఈగలున్నాయని మురిసిపోతే మూడు వారాల్లో ఖాళీ కనిపిస్తుంది. గుడ్లు దండిగా ఉండి మూసినవి తక్కువగా ఉంటే అది పుంజుకుంటున్న పెట్టె. దానికి ఖాళీ ఫ్రేము చోటు ముందే ఇవ్వాలి.

అంకె కూడా తీయొచ్చు. పుట్ట తేనెటీగ కూలి గది వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఆ లెక్కన తుట్టె ఒక పక్క చదరపు సెంటీమీటరుకు 6 గదులు పడతాయి. 10 సెంటీమీటర్ల చదరంలో, అంటే దాదాపు అరచేయంత మేర, 600. పెట్టె మొత్తంలో గుడ్లున్న జాగా అలాంటి ఒక్క చదరానికి వస్తే రాణి రోజుకు సుమారు 200 గుడ్లు పెడుతున్నట్టు. ఎందుకంటే గుడ్డు గుడ్డుగా ఉండేది మూడు రోజులే. పది రోజులకోసారి ఈ ఒక్క అంకె నోటుపుస్తకంలో రాసుకుంటే, పూతకు ఎంత దండు సిద్ధమవుతుందో నెల ముందే తెలిసిపోతుంది.

చూసే పని పది నిమిషాల్లో ముగియాలి. పిల్లలున్న చోటును ఈగలు 33 నుంచి 36 డిగ్రీల మధ్య నిలబెడతాయి. కొన్ని ఈగలు మూసిన గదుల మధ్య ఖాళీగా వదిలిన గదుల్లో తల దూర్చి, రెక్కలు కదపకుండానే రొమ్ము కండరాలను అదిలించి వేడి పుట్టిస్తాయి, చుట్టూ ఉన్న ప్యూపాలకు అదే కుంపటి. 32 డిగ్రీల దగ్గర పెరిగిన ఈగలు పైకి బాగానే ఉన్నా, మేత జాడ చెప్పే నాట్యంలో వెనకబడతాయని పరిశోధనల్లో తేలింది. ఇంకా చల్లబడితే రెక్కలు ముడుచుకుపోయి పుడతాయి. చింతపల్లి, లంబసింగి వైపు పుష్యమాసపు చలిలో పొద్దున్నే పెట్టె విప్పడం అన్యాయం. ఎండ బాగా ఎక్కాక తెరవాలి. ఈగలు కప్పి ఉండని ఫ్రేములు తీసేసి, మిగిలినవాటిని దగ్గరికి జరపాలి.

విశాఖ తీరంలో సమస్య తిరగబడుతుంది. ఈగలు నీళ్లు తెచ్చి గదుల అంచులకు పూసి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. ఉప్పగాలి తేమకు ఆ నీరు తొందరగా ఆరదు. మే నెలలో సాయంత్రం వేళ ఈగలు గుత్తులుగా గుమ్మం బయట వేలాడేది అందుకే. నీడ, పెట్టె దగ్గర్లో గులకరాళ్లు వేసిన నీళ్ల పళ్లెం, పై మూతలో గాలి దారి ఉంటే చాలు.

రాణి పోయిన పెట్టెకు పట్టే కాలం

రాణి 15, 16 రోజుల్లో పుడుతుంది. మగదైన పోతుటీగకు 24 రోజులు. పోతుటీగ ఫలదీకరణం కాని గుడ్డు నుంచి, అంటే తండ్రి లేకుండా పుడుతుందని 1845లో యాన్ జియెర్జోన్ అనే మతాచార్యుడు గుర్తించాడు. పుట్ట తేనెటీగలో పోతుటీగ గది మూత చూడగానే తెలుస్తుంది. మైనం పొరను కూలి ఈగలు గీకేశాక లోపలి గట్టి గూడు గోపురంలా పొడుచుకొచ్చి, నడినెత్తిన సూదిమొనంత రంధ్రంతో ఉంటుంది. పెట్టె అడుగున ఆ గోపురం టోపీలు రాలి ఉంటే పోతుటీగలు పుట్టుకొస్తున్నాయని గుర్తు. పెట్టెను రెండుగా విడగొట్టడానికి ఆ టోపీలు రాలేదాకా ఆగాలి. పుట్టాక కూడా అవి ఎదిగి జతకట్టగలగడానికి పది రోజుల పైనే పడుతుంది. పోతుటీగలు లేని ఊళ్లో కొత్త రాణిని పుట్టించి లాభం లేదు.

విడగొట్టేటప్పుడు జరిగే పొరపాటు కాలం లెక్కలోనే. రాణి లేని భాగం ఒక్కరోజు వయసు పురుగును ఎంచుకుని రాణి గది కట్టుకుంటే, రాణి పుట్టడానికి 12 రోజులు. ఎదిగి, ఎగిరి, జతకట్టి, గుడ్లు మొదలుపెట్టడానికి మరో 10 రోజులు, వాన పడితే ఇంకా ఎక్కువ. ఆ గుడ్డు ఈగ కావడానికి 19. అంటే విడగొట్టిన నాటి నుంచి 41 రోజుల దాకా కొత్త కూలి ఈగ పుట్టదు. పాత పిల్లలు మొదటి మూడు వారాల్లోనే పుట్టేసి ఉంటాయి కాబట్టి దండు సగానికి సగం పడిపోతుంది. సెప్టెంబరులో విడగొట్టిన పెట్టె వలిసె పూత చూస్తుంది గానీ తేనె పెట్టలేదు. విడగొట్టడం పూత ముగిశాక చేయాలి.

రాణి పోయి, పెంచుకోవడానికి లేత పురుగూ లేకపోతే కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. పుట్ట తేనెటీగలో ఇది త్వరగా వస్తుంది. ఒక్కో గదిలో రెండు మూడు గుడ్లు, అడుగున కాకుండా గోడలకు అంటుకుని కనిపిస్తాయి. వాటి నుంచి పోతుటీగలే పుడతాయి. అంత దూరం వెళ్లిన పెట్టెకు కొత్త రాణిని ఇచ్చినా చాలాసార్లు ఒప్పుకోవు. పక్క పెట్టెతో కలిపేయడమే మేలు.

గదులు బోసిపోతే

ఆరోగ్యంగా ఉన్న ఫ్రేములో మూసిన గదులు పరిచిన చాపలా ఒక్కటిగా ఉంటాయి. మధ్యమధ్య ఖాళీలు పడితే కారణం వెతకాలి. అన్ని ఖాళీలూ ఒక జబ్బు కావు.

దక్షిణాదిలో పుట్ట తేనెటీగల పెంపకాన్ని తుడిచిపెట్టింది థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. 1991, 92 సంవత్సరాల్లో ఇది పెంపకం పెట్టెల్లో చాలా భాగాన్ని ఖాళీ చేసింది. మూత పడే వేళకు పురుగు ప్యూపాగా మారలేక చనిపోతుంది. తల పడవ ముక్కులా పైకి లేచి ఉంటుంది. పట్టకారుతో మెల్లగా లేపితే నీళ్లు నిండిన తిత్తిలా చెక్కుచెదరకుండా వస్తుంది, దుర్వాసన ఉండదు. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పొడులు చల్లడం డబ్బు దండగ, తేనెలో మందు అవశేషం అదనం. పనికొచ్చేది 19 రోజుల లెక్కే. రాణిని మూడు వారాలు చిన్న జాలీలో బంధిస్తే, ఉన్న పిల్లలన్నీ పుట్టేసి, వైరస్‌కు కొత్త పురుగు దొరక్క గొలుసు తెగుతుంది. ఈలోగా కూలి ఈగలు గదులన్నీ శుభ్రం చేస్తాయి. జబ్బును తట్టుకుని నిలిచిన పెట్టెల నుంచే కొత్త రాణుల్ని తీసుకోవాలి.

పురుగు కుళ్లిపోయే ఫౌల్‌బ్రూడ్ జబ్బులో యూరోపియన్ రకం ఇలా కాదు. మూత పడకముందే, నాలుగైదు రోజుల పురుగు పసుపు తిరిగి, ఒంకర్లు పోయి, పుల్లటి వాసనతో చస్తుంది. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చేది. తిండి కొరత ఉన్న బలహీనమైన పెట్టెల మీదే ఎక్కువగా పడుతుంది.

చచ్చిన పురుగు ఒక్కటీ లేకుండా, గుడ్లు నిండుగా ఉండి కూడా పిల్లలు చెదురుమదురుగా ఉంటే అది జబ్బు కాదు, మేనరికం. ఈగలో ఆడా మగా తేల్చే జన్యువు ఒకటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రకం ప్రతి వస్తే, ఆడది కావలసిన గుడ్డు పనికిరాని మగ పురుగు అవుతుంది. పుట్టిన కొన్ని గంటల్లోనే కూలి ఈగలు దాన్ని గుర్తించి తినేస్తాయి. ఒకే పెట్టె నుంచి విడగొట్టుకుంటూ పోయిన ఊళ్లలో సగం దాకా గుడ్లు ఇలా వృథా కావచ్చు. దూరపు ఊరి నుంచో, అడవిలో తొర్రలో పట్టిన గుంపు నుంచో కొత్త రక్తం తేవడం ఒక్కటే విరుగుడు.

మైనపు పురుగు జబ్బుల కోవలోది కాదు గానీ పెట్టెలు వదిలి ఈగలు లేచిపోవడానికి పెద్ద కారణం అదే. నల్లబడిన పాత తుట్టెలోని గూడు పొరలే దాని మేత. పుట్ట తేనెటీగ పాత తుట్టెను కొరికి అడుగున పోస్తుంది. ఆ పొట్టులో మైనపు చిమ్మట గుడ్లు పెడుతుంది. వారానికోసారి అడుగుపలక గీకి తుడవడం, రెండేళ్లు దాటిన తుట్టెలను తీసేయడం తప్పనిసరి.

అడవి తేనెకూ ఈ తుట్టె జ్ఞానమే వర్తిస్తుంది. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ గిరిజనుల దగ్గర తేనె కొంటుంది. కొండ తేనెటీగ తుట్టెలో తేనె పైన, కొమ్మకు ఆనుకుని ఒక చివర ఉంటుంది. కింద వేలాడేదంతా పిల్లలు. పై భాగం మాత్రం కోస్తే ఈగలు నిలిచి మళ్లీ కట్టుకుంటాయి. మొత్తం కోసి పిండితే పురుగుల రసం కలిసి ఆ తేనే పులుస్తుంది.

కార్తె లెక్కలో పెట్టె

వలిసె తన పుప్పొడితో తాను కాయదు, ఈగ కావాలి. ఈగకూ వలిసె కావాలి. ఈ రెంటి మధ్య అడ్డు ఆగస్టు, సెప్టెంబరు ముసురు. మూడు నాలుగు రోజులు ఈగలు బయటికి పోలేకపోతే, నిల్వ పుప్పొడి అయిపోగానే దాదులు గుడ్లనూ లేత పురుగులనూ తినేస్తాయి. కఠినంగా అనిపించినా ఆ మాంసకృత్తులతోనే పెద్ద పురుగులను బతికిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది చిత్త కార్తెలో. అలాంటి తుపాను వెళ్లాక రాలిన పూత అందరికీ కనిపిస్తుంది. పెట్టెలో పోయిన వారం రోజుల గుడ్లు కనిపించవు. అవి నవంబరు మూడో వారం నుంచి మేతకు వెళ్లే ఈగల లోటుగా తేలతాయి.

అందుకే మేపు పుబ్బ కార్తెలో, ఆగస్టు ఆఖరున మొదలుకావాలి. పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం పెట్టెకు 200 నుంచి 300 మిల్లీలీటర్లు, రోజు విడిచి రోజు, చీకటిపడ్డాక. పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. పాకంలో నాలుగు పుల్లలు వేయకపోతే ఈగలు మునిగి చస్తాయి. పెట్టె కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉండాలి, లేకపోతే పాకం చీమల పాలు. అయితే పాకం ఒక్కటే పోస్తే రాణి గుడ్లు పెడుతుంది గానీ వాటిని పెంచే పాలు దాదులకు ఊరవు. కొవ్వు తీసిన సోయాపిండి 3 వంతులు, ఈస్టు 1 వంతు, పాలపొడి 1 వంతు తేనెతోనో చిక్కటి పాకంతోనో ముద్ద చేసి, అప్పచ్చిలా వత్తి ఫ్రేముల నెత్తిన పెట్టాలి. ఒకసారికి 50 గ్రాములు చాలు. బూజు పట్టకముందే మార్చాలి. తేనె వేరే పెట్టెది అయితే ఆ పెట్టెలో జబ్బు లేదని తెలిసి ఉండాలి. పై అర ఎక్కించే ముందు పాకం పూర్తిగా ఆపెయ్యాలి. ఆ తర్వాత పోసిన ప్రతి చుక్కా తేనెలో కల్తీ కిందే లెక్క.

వలిసె ముగిశాక ఇంకో పూత ఉంది. అరకు, పాడేరు, చింతపల్లి 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ, ఈగ లెక్కలో కొండా తీరమూ ఒకే చేను. జనవరి ఆఖరు, ఫిబ్రవరి నాటి జీడిమామిడి పూతకు 40 రోజులు వెనక్కి లెక్కిస్తే డిసెంబరు మధ్య, మూల కార్తె. సరిగ్గా అప్పుడే కొండ మీద చలికి రాణి గుడ్లు తగ్గిస్తుంది. తీరంలో రాత్రులు వెచ్చన, కొబ్బరి పుప్పొడి ఏడాది పొడవునా ఉంటుంది. డిసెంబరు మొదటి వారానికి పెట్టెలు కిందికి దించితే ఆ గుడ్లు దక్కుతాయి.

దించేముందు తేనె తీసెయ్యాలి, రెండు ఫ్రేములకు సరిపడా ఈగలకు వదిలి. నిండు తుట్టెలు ఘాట్‌రోడ్డు కుదుపులకు తెగిపడి పిల్లల్ని నలిపేస్తాయి. ఫ్రేములు కదలకుండా చెక్కముక్కలు బిగించి, పొద్దుగూకి ఈగలన్నీ చేరాక గుమ్మం జాలీతో మూసి, రాత్రికి రాత్రే దింపాలి. తుట్టెల అంచులు బండి నడిచే దిక్కుకు ఉంటే ఊగవు. కొత్తచోట తెల్లవారకముందే జాలీ తీసి, రెండు రోజులు కదపకుండా వదిలెయ్యాలి. మూడో రోజు ఎండెక్కాక మధ్య ఫ్రేము ఒక్కటి పైకి తీసి చూడాలి. గది అడుగున గుడ్డు నిలబడి ఉందంటే, అది ఈ తీరంలో పడిందే.